రెండు తూనికరాళ్లు

సంతలో ధాన్యము కొనునపుడొక రాతితోను, అమ్మునపుడు వేఱొక రాతితోను తూచు వర్తకుని లోకము దొంగ యనును. అట్టివానికి ఊరిలో పరువుండదు. పట్టుబడిననాడు తప్పు చెల్లింపవలసివచ్చును. దేశముల దుఃఖమును తూచునపుడు ఇదే పని చేయు విద్వాంసునకు మాత్రము మన సభలలో ఉన్నతాసనము లభించుచున్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఐరోపాఖండము రెండుగా చీలి నలువదియైదేండ్లు నిలిచిన చరిత్రను గూర్చి తెలుగున మనము వ్రాసినదానిలోను, వేదికలపై మాటలాడినదానిలోను అధికభాగము ఈ రెండు రాళ్ల తూనికయే. ఒకరు బుడాపెస్టు వీథులలో చిందిన రక్తమును బొట్టు బొట్టుగా లెక్కింతురు. ఏథెన్సు వీథులలో చిందినదానిని విడిచిపెట్టుదురు. మఱియొకరు అల్జీరియా కొఱకు కన్నీరు కార్తురు. ప్రేగు నగరము మాట వచ్చినచో గొంతు సవరించుకొని వేఱు సంగతి యెత్తుకొందురు. ఈ యలవాటు విడువదగినదని నిరూపించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

1945 మొదలు 1991 వఱకు ఐరోపాలో గడచిన కాలమునకు కొందఱు చరిత్రకారులు 'దీర్ఘశాంతి' యని నామకరణము చేసిరి. మహారాజ్యములు ఒండొంటిపై కత్తి దూయలేదు గనుక అది శాంతియే యని వారి వాదము. మహారాజ్యముల మధ్య యుద్ధము జరుగలేదన్న మాట నిజమే. కాని గ్రీసుదేశమున 1946 మొదలు 1949 వఱకు అంతర్యుద్ధము సాగినది. తూర్పు జర్మనీలో 1953 లో, హంగేరీలో 1956 లో, చెకోస్లొవేకియాలో 1968 లో జనుల మీదికి యుద్ధశకటములు వచ్చినవి. పోర్చుగలు 1974 వఱకు, స్పెయిను 1975 వఱకు నియంతృత్వమున మ్రగ్గినవి. స్వదేశమున శాంతి ననుభవించిన ఒలందా, ఫ్రెంచి, పోర్చుగీసు ప్రభుత్వములు ఆ కాలముననే ఇండొనీషియాలో, ఇండోచైనాలో, అల్జీరియాలో, అంగోలాలో సేనలను దించి పోరాడినవి. ఇన్నిటిని మఱుగుపఱచి పైన శాంతి యని పేరు వ్రాయుట, పెరటిలో శవముండగా ముంగిట ముగ్గు పెట్టుట వంటిది.

విభజన మెట్లు జరిగెనో మొదట చూతము. 1944 అక్టోబరు 9 వ తేదీ రాత్రి మాస్కో నగరమున బ్రిటిషు ప్రధానమంత్రి చర్చిలును, సోవియట్ అధినేత స్టాలినును సమావేశమైరి. చర్చిలు ఒక అఱకాగితముపై కొన్ని దేశముల పేర్లు వ్రాసి వాని కెదురుగా అంకెలు వేసెను. రుమేనియాలో నూటికి 90 పాళ్లు రష్యాకు. గ్రీసులో నూటికి 90 పాళ్లు బ్రిటనుకు. బల్గేరియాలో 75 పాళ్లు రష్యాకు. హంగేరీ, యుగోస్లావియాలలో చెఱిసగము. స్టాలిను ఆ కాగితముపై పెన్సిలుతో ఒక గీటు పెట్టి తిరిగి యిచ్చెను. ఈ సంగతిని చర్చిలే తన యుద్ధచరిత్రలో వెల్లడించెను. ఆ యంకెలు ఉన్నవున్నట్లు అమలు జరిగినవని మేమనము. హంగేరీలో సగపాలు కాగితమునందే మిగిలినది. ఐనను కోట్ల జనుల బ్రదుకును కౌలుపాళ్లవలె పంచుకొను హక్కు తమకు గలదని ఆ యిరువురును నమ్మిరనుట నిర్వివాదము. ఒకడు సామ్రాజ్యవాది, మఱియొకడు శ్రామికరాజ్యాధినేత. మన వేదికలపై ఆజన్మశత్రువులుగా వర్ణింపబడు వీరు ఆ రాత్రి ఒక్క భాషయే మాటలాడిరి.

1945 ఫిబ్రవరిలో యాల్టాయందును, జూలై ఆగస్టులలో పోట్స్‌డామునందును జరిగిన సభలలో ఈ పంపకము విస్తరించెను. జర్మనీ నాలుగు ఆక్రమణమండలములుగను, బెర్లిను నగరము నాలుగు భాగములుగను చీల్పబడెను. పోలండు దేశమునే పటముపై పడమటికి జరిపిరి: తూర్పున ల్వోవు, విల్నో నగరములు పోయినవి, పడమట బ్రెస్లౌ, స్టెట్టిను నగరములు వచ్చినవి. పోలండు, చెకోస్లొవేకియా, హంగేరీ మొదలగు దేశములనుండి సుమారు 1 కోటి 20 లక్షల జర్మనులు పాఱిపోయిరి, లేక వెడలగొట్టబడిరి. ఈ తరలింపు క్రమముగను, దయతోను జరుగవలెనని పోట్స్‌డాము ఒడంబడికలో వ్రాసికొనిరి. కాగితమునకెక్కిన ఆ దయ దారిలో ఆకలిచేతను, చలిచేతను మరణించినవారి చెంతకు పోలేదు. హిట్లరును భరించిన జాతియెడల జాలి యేలయని కొందఱడుగుదురు. సుమారు 60 లక్షల యూదులను చంపిన ప్రభుత్వముతో పోల్పదగిన దేదియు లేదు. దానిని మేము తక్కువచేసి చెప్పుట లేదు. కాని తల్లి చంకలోని శిశువు ఏ మంత్రివర్గమున సభ్యుడు? 1947 లో పంజాబు, బంగాళములలో గీత గీచిన పిదప నేమి జరిగెనో యెఱిగిన మన దేశీయులకు ఈ ప్రశ్నను వివరింప నక్కఱలేదు.

సోవియట్ పక్షమున చెప్పదగిన న్యాయమును కూడ చెప్పవలెను. ఆ దేశము యుద్ధమున సుమారు 2 కోట్ల 70 లక్షల ప్రాణములను కోల్పోయెను. నెపోలియను దండు వచ్చినది పడమటినుండి; 1914 లో, 1941 లో శత్రువు వచ్చినదియు ఆ దిక్కునుండియే. అట్టి దేశము తన సరిహద్దులలో మిత్రరాజ్యములు ఉండవలెనని కోరుటలో ఆశ్చర్యమేమి? ఈ భయమును దాచి, రష్యా దురాశ నొక్కదానినే చూపు పాశ్చాత్య పక్షపాతి సగము చరిత్ర చెప్పుచున్నాడు. అయితే పొరుగువాని స్నేహమును కోరుట వేఱు, పొరుగింటి తాళపుచెవులను మొలకు కట్టుకొనుట వేఱు. ఫిన్లాండు 1948 లో రష్యాతో మైత్రీసంధి చేసికొని, తన శాసనసభను, తన యెన్నికలను నిలుపుకొనెను. నాలుగు సేనలు ఆక్రమించిన ఆస్ట్రియా 1955 మే 15 న సంధి పొంది, తటస్థదేశమై, ఆ నాలుగు సేనలను సాగనంపెను. ఈ రెంటి యునికియే, మిగిలిన దేశముల చెఱ అనివార్యమన్న వాదమునకు సమాధానము. రష్యాకు కావలసినది భద్రతయే యైనచో ఫిన్లాండుమార్గము ఎల్లరకును చాలియుండెడిది.

ఇప్పుడు రెండు దేశముల కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూపుదుము. గ్రీసున జర్మనుల నెదిరించి కొండలలో పోరాడినవారిలో అధికసంఖ్యాకులు వామపక్షమువారు. 1944 డిసెంబరు 3 న ఏథెన్సు నడిబొడ్డున ప్రదర్శకులపై పోలీసులు కాల్పులు జరిపిరి. పిదప బ్రిటిషు సేనలు ఆ నగరముననే ఆ యోధులతో పోరుకు దిగినవి. స్టాలిను వారికి సాయపడలేదు. అఱకాగితపు లెక్కలో గ్రీసు అతని పాలు కాదు. 1947 మార్చి 12 న అమెరికా అధ్యక్షుడు ట్రూమను గ్రీసు, టర్కీల కొఱకు 40 కోట్ల డాలర్లు అడిగెను. స్వాతంత్ర్యరక్షణార్థమని చెప్పిన ఆ ధనము చేరిన ప్రభుత్వము మక్రోనిసోస్ అను రాతిదీవిలో వేలకొలది జనులను నిర్బంధించి, తమ విశ్వాసములను వదలుకొంటిమని వ్రాసియిచ్చువఱకు హింసించినది.

చెకోస్లొవేకియాలో 1946 ఎన్నికలలో కమ్యూనిస్టులకు నూటికి సుమారు 38 ఓట్లు వచ్చినవి. న్యాయముగ లభించిన బలమది. 1947 జూలైలో ఆ ప్రభుత్వము మార్షలు సహాయమును గూర్చిన సభకు పోవుట కొప్పుకొని, మాస్కో కన్నెఱ్ఱజేయగనే విరమించుకొనెను. 1948 ఫిబ్రవరిలో అధికారమంతయు ఒక్క పక్షము చేతిలోనికి పోయెను. మార్చి 10 న విదేశాంగమంత్రి యాన్ మసారికు శవము మంత్రాలయపు ముంగిట, తన నివాసపు కిటికీ క్రింద కనబడెను. 1950 లో మిలాడా హొరాకొవా యను శాసనసభ్యురాలిని ఉరి తీసిరి. హిట్లరు చెఱసాలలను చూచివచ్చిన స్త్రీ ఆమె. 1952 లో ఆ పార్టీ ప్రధానకార్యదర్శిగా నుండిన స్లాన్‌స్కీతో కూడ 11 మందిని, బలవంతపు ఒప్పుకోళ్లతో నడిపిన విచారణానంతరము, ఉరికంబ మెక్కించిరి. మక్రోనిసోసునందు వ్రాయించుకొనిన పశ్చాత్తాపపత్రమునకును, ప్రేగు న్యాయస్థానమున వల్లెవేయించిన యొప్పుకోలునకును భేదమేమో మాకు తెలియదు. ఒకదానిని నేరమనియు, రెండవదానిని చారిత్రకావశ్యకత యనియు అనువారు వచ్చి చెప్పవలెను.

పేర్ల విషయమున ఇరుపక్షములును ఘనులే. 1948 జూను 24 న సోవియట్ సేనలు పశ్చిమ బెర్లినుకు దారులు మూసివేసినవి. ఇరువది లక్షలకు పైబడిన జనులకు తిండియు, బొగ్గును అందకుండ జేసి నగరమును లొంగదీయుట వారి యెత్తు. అమెరికా, బ్రిటనులు 1949 మే 12 వఱకును, ఆ పిదప కొన్ని మాసములును విమానములలో సరకులు మోసి ఆ జనులను బ్రదికించినవి. ఇది కొనియాడదగిన పనియే, కొనియాడుచున్నాము. కాని ఆ దిగ్బంధము నడుచుచుండగనే, 1949 ఏప్రిలు 4 న, స్వేచ్ఛారక్షణార్థమని స్థాపించిన ఉత్తర అట్లాంటికు కూటమి మొదటి పండ్రెండు రాజ్యములలో పోర్చుగలు ఒకటి. అప్పటికి సాలజారు నియంతృత్వము అచట బాగుగ వేరూనియుండెను. రహస్యపోలీసులును, మాటకు సంకెలయు, ఆఫ్రికాలో బానిసప్రాయులైన కూలీలును ఆ పాలనకు స్తంభములు. సాలజారు సభ్యుడైన సంఘము స్వేచ్ఛాసంఘ మెట్లగును? అటు తూర్పున, ఒక్క జాబితాకే ఓటు వేయింపబడు రాజ్యములకు 'జనతా ప్రజాస్వామ్యము' లని పేరు. ప్రజ యను మాటను రెండు మాఱులు వాడినంతమాత్రమున ప్రజకు అధికారము రాదు.

శ్రామికరాజ్యము శ్రామికులపై తుపాకి యెత్తిన యొక మహాసంఘటనము 1953 జూను 17 న తూర్పు జర్మనీలో జరిగెను. కూలి పెంచకయే పని పరిమాణమును పెంచిరని బెర్లినులో భవననిర్మాణపు కార్మికులు పని మానిరి. మఱునాటికి వందలకొలది ఊళ్లలో సమ్మె వ్యాపించెను. సోవియట్ యుద్ధశకటములు వచ్చి అణచివేసినవి. ఆ కార్మికులను విదేశీయుల కిరాయి మూకలని తూర్పు జర్మను ప్రభుత్వము ప్రకటించెను. సమ్మె కార్మికుని జన్మహక్కని మన యూళ్లలో ఉపన్యసించినవారు ఆ కూలీలకు ఆ హక్కు ఏల లేకపోయెనో చెప్పవలసియుండెను.

1956 అక్టోబరు 23 న బుడాపెస్టులో విద్యార్థులును, కార్మికులును లేచిరి. కర్మాగారములలో కార్మికసంఘములు ఏర్పడినవి. నవంబరు 4 న రష్యాసేనలు నగరముపై పడినవి. సుమారు 2,500 మంది హంగేరీయులు మరణించిరి. సుమారు 2 లక్షల మంది దేశము విడిచిరి. ప్రధానమంత్రి ఇమ్రె నాజును 1958 జూను 16 న ఉరి తీసి గుఱుతు లేని గోతిలో పాతిపెట్టిరి. అదే వారములలో ఇజ్రాయేలు, బ్రిటను, ఫ్రాన్సులు సూయెజు కాలువ కొఱకు ఈజిప్టుపై దాడి చేసినవి. ఒక్క పక్షమున రెండు దురాగతములు. ఖండింపదలచినవానికి రెంటికిని నోరొక్కటియే చాలును.

మన ప్రభుత్వ మేమి చేసెను? సూయెజు దాడిని వెంటనే, గట్టిగ ఖండించెను, అది ధర్మము. హంగేరీ విషయమున నవంబరు 4 న ఐక్యరాజ్యసమితి సభలో తటస్థముగ నుండెను. 9 వ తేదీన, రష్యాసేనలు వెడలి ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణమున హంగేరీలో స్వేచ్ఛగ నెన్నికలు జరుగవలెనన్న తీర్మానమునకు ప్రతికూలముగ ఓటు వేసెను. జయప్రకాశనారాయణుడు దీనిని బహిరంగముగ నిరసించెను. తరువాత నెహ్రూ సోవియట్ చర్యను విమర్శించిన మాట నిజమే గాని, పరాధీనత నిన్నమొన్ననే వదిలించుకొనిన జాతి మొదటి మాట ఆలస్యము కారాదు. 1968 ఆగస్టులో చెకోస్లొవేకియా విషయమునను భద్రతామండలిలో మన ఓటు తటస్థమే. అలీనవిధానము రెండు కూటములకు దూరముగ నుండుటకు పుట్టినది. కన్ను మూసికొనుటకు పుట్టినది కాదు.

1961 వ సంవత్సరము ఈ విచారణకు ముఖ్యము. 1949 మొదలు అప్పటికి సుమారు 27 లక్షల మంది తూర్పు జర్మనీ విడిచి పడమటికి పోయిరి. జనము పాఱిపోవు దేశము తన తప్పును వెదకుకొనుటకు మాఱుగా, ఆగస్టు 13 న బెర్లిను నడుమ ముండ్లతీగ వేసి, పిదప గోడ కట్టెను. ఆ గోడయొద్ద కనీసము 140 మంది ప్రాణములు కోల్పోయిరి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో నున్నది. రెండు నెలలు గడచిన పిదప, అక్టోబరు 17 న, స్వేచ్ఛాప్రపంచపు శిరోమణియైన పారిసు నగరమున, తమకు మాత్రమే విధించిన రాత్రి నిర్బంధమును నిరసింపవచ్చిన అల్జీరియనులను పోలీసులు కాల్చియు, కొట్టియు, సేను నదిలో పడద్రోసియు చంపిరి. మృతులు పదులా వందలా యను లెక్క నేటికిని తేలలేదు. ఆ పోలీసుల యధిపతి మారీస్ పపోను. యుద్ధకాలమున బోర్డోనుండి యూదులను మరణశిబిరముల దారి పట్టించుటలో పాల్గొనినందుకు 1998 లో శిక్ష పడినవాడు ఇతడే. హిట్లరు కాలమున పనికివచ్చిన యధికారి స్వేచ్ఛాకాలమునను పనికివచ్చెను. 2012 వఱకు ఫ్రెంచి రాష్ట్రాధ్యక్షుడెవ్వడును ఆ రక్తపాతమును అంగీకరింపలేదు. బెర్లిను గోడ నెఱిగిన మన విద్యార్థులలో సేను నది నెఱిగినవారెందఱు?

ఇదే జంటను 1967, 1968 లలోను చూడవచ్చును. 1967 ఏప్రిలు 21 న గ్రీసున సైన్యాధికారులు అధికార మపహరించిరి. ఏడేండ్లు అచట చెఱయు, చిత్రవధయు రాజ్యమేలినవి. గ్రీసు అట్లాంటికు కూటమిలో సభ్యదేశముగనే యుండెను. మఱుసటి యేడు ఆగస్టు 20, 21 తేదీల నడిరేయి వార్సా కూటమి సేనలు చెకోస్లొవేకియా ప్రవేశించినవి. ఆ దేశము చేసిన తప్పు పత్రికలకు నోరిచ్చి, సామ్యవాదమునకు మానుషరూపము నీయదలచుట. 1969 జనవరిలో యాన్ పలాహు అను విద్యార్థి నడివీథిలో తన దేహమునకు నిప్పుపెట్టుకొనెను. రెండు కూటములును తమ గర్భములో స్వేచ్ఛను హతమార్చినవి. ఒకటి చూచి యూరకుండెను, రెండవది తానే దండు నడిపెను. ఈ భేదము లేకపోలేదు. పశ్చిమ ఐరోపాలో పెక్కు దేశములలో ప్రభుత్వమును తిట్టి యింటికి పోయి నిద్రించుట సాధ్యమయ్యెను, తూర్పున కాలేదు. ఒక్క రాతితో తూచిననే ఈ భేదము కూడ సరిగ తెలియును.

ఇక ఆక్షేపణలు. అణ్వస్త్రముల సమతూకమే మూడవ మహాయుద్ధము నాపినది గనుక విభజనము మేలే చేసినదని కొందఱందురు. 1983 సెప్టెంబరు 26 న మాస్కో సమీపమున ఒక కేంద్రములో, అమెరికా క్షిపణులు బయలుదేఱినవని యంత్రము హెచ్చరించెను. అది యంత్రపు పొరపాటని తన బుద్ధితో నిశ్చయించిన స్తనిస్లావ్ పెట్రోవ్ అను ఉద్యోగి ఆ రాత్రి అచట నుండెను. ఒక్కని వివేకముపై భూలోకము వ్రేలాడిన స్థితిని రాజనీతియని పొగడువారు, కుండ పగులకుండ నిలిచినందుకు దానిని గోడ యంచున పెట్టినవానిని మెచ్చుకొనువారు.

రెండవ యాక్షేపణము: ఇరుపక్షములును మేళ్లు చేయలేదా యని. చేసినవి. బ్రిటనులో 1948 జూలై 5 నుండి ధనికునకును, దరిద్రునకును ఒక్కతీరున వైద్యము లభించెను. తూర్పు రాజ్యములలో స్త్రీలు అధికసంఖ్యలో చదివి ఉద్యోగములలో ప్రవేశించిరి; పల్లెలకు బడియు, ఆసుపత్రియు వచ్చినవి. ఈ మేళ్లను మేము సంతోషముతో నొప్పుకొందుము. కాని బడి కట్టించినవాడు గురువును చెఱసాలకు పంపుటకు హక్కు పొందడు. వైద్యశాల నెలకొల్పిన రాజ్యము కెన్యాలోని నిర్బంధశిబిరముల పాపమునుండి విముక్తి చెందదు.

మూడవ యాక్షేపణము మనవారిది: ఎక్కడి ఐరోపా, ఎక్కడి తెలుగునాడు, మనకేల యీ గోల యని. తెలంగాణా సాయుధపోరాటము సాగింపవలెనా మానవలెనా యన్న విచికిత్సతో 1951 ఆరంభమున మాస్కో పోయి స్టాలినును గలిసిన నలుగురు నాయకులలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య లిరువురును తెలుగువారు. ఆ యేట అక్టోబరులో పోరాటము విరమింపబడెను. మాస్కోలో తెలుగున నచ్చై చౌకగ వచ్చిన పుస్తకములు మన పల్లె గ్రంథాలయములను నింపినవి. టాల్‌స్టాయిని, గోర్కీని, చెహోవును మన బాలురచేత చదివించిన ఆ యుపకారమును మఱచుట కృతఘ్నత. కాని ఆ బీరువాలలో ఇమ్రె నాజు కథకు చోటు లేదు. ఎదుటి పక్షమువారు 1950 లో బెర్లినులో స్థాపించిన సాంస్కృతిక స్వాతంత్ర్య మహాసభ మఱుసటి యేడే బొంబాయిలో సమావేశమయ్యెను. స్వతంత్రమని చెప్పుకొనిన ఆ సంస్థకు అమెరికా గూఢచారిశాఖ ధనము చేరుచుండెనని 1966, 1967 లలో బట్టబయలయ్యెను. రెండు కూటముల సిరాయు మన కలములలోనికి వచ్చినది. మనకు సంబంధము లేదనువారు తమ బీరువాను ఒకమాఱు చూచుకొందురు గాక.

ఈ గోడ నెవరు పడగొట్టిరన్న ప్రశ్నకును మనవారు ఇరువురు ముగ్గురు అధ్యక్షుల పేర్లే చెప్పుదురు. గొర్బచేవు 1989 లో సేనలను పంపకుండుట చరిత్రలో గొప్ప సంయమము. దానికి తగిన గౌరవమీయవలెను. 1991 జనవరి 13 న విల్నియస్ నగరమున సోవియట్ సేనలు 14 మందిని చంపినవన్నదియు ఆ ప్రక్కనే వ్రాయవలెను. కాని పునాదిని కదల్చినవారు వేఱు. గ్డాన్‌స్కు ఓడల కర్మాగారమున క్రేను నడుపు అన్నా వలెంటినోవిచ్ అను స్త్రీని 1980 ఆగస్టులో, పింఛనుకు కొన్ని నెలలుండగా, పనినుండి తొలగించిరి. ఆమెను మరల చేర్చుకొనవలెనని మొదలైన సమ్మెయే స్వతంత్ర కార్మికసంఘముగ మాఱి సుమారు 1 కోటి సభ్యులను సంపాదించెను. 1981 డిసెంబరు 13 న సైనికశాసనము విధించిరి. మూడు దినములకు వూయెకు గనిలో 9 మంది గనికార్మికులు కాల్చబడిరి. సంఘము చావలేదు. 1989 ఆగస్టు 23 న, హిట్లరు స్టాలినుల రహస్యపు టొడంబడికకు ఏబదేండ్లు నిండిననాడు, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియాలలో సుమారు 20 లక్షల మంది చేయి చేయి పట్టుకొని 600 కిలోమీటర్ల వరుస నిలిచిరి. అక్టోబరు 9 న లైప్‌జిగు నగరమున, ప్రభుత్వము కాల్చునేమోయని భయపడుచునే, సుమారు 70,000 మంది దీపములతో నడచిరి. నెల గడచిన పిదప గోడ తెఱవబడెను. పడమటను ఇంతే: 1974 ఏప్రిలు 25 న పోర్చుగలులో యువసైనికులు నియంతృత్వమును కూలద్రోయగా, లిస్బను స్త్రీలు వారి తుపాకులలో పూవులు గ్రుచ్చిరి. ఇరువైపులను విమోచనము క్రిందినుండి వచ్చినది.

ఖండము కలిసిన పిదప పాపము తీఱెనా? 1995 జూలైలో, ఐక్యరాజ్యసమితి రక్షితప్రదేశమని ప్రకటించిన స్రెబ్రెనిత్సాలో, 8,000 మందికి పైగా బోస్నియా ముసల్మాను పురుషులును, బాలురును చంపబడిరి. సైప్రసు రాజధాని నికోసియా నేటికిని రెండు ముక్కలే. 2022 ఫిబ్రవరి 24 న రష్యా ఉక్రెయినుపై పూర్తి దండయాత్ర నారంభించెను. ఐక్యరాజ్యసమితి సభలో మన ఓటు మరల తటస్థమే. మన వేదికలపై మరల అవే రాళ్లు బయటికి వచ్చినవి. అట్లాంటికు కూటమి విస్తరణమును గూర్చి గంట సేపు మాటలాడువారు బూచా పట్టణపు వీథులలోని శవముల మాట యెత్తరు. బూచాను గూర్చి కన్నీరు కార్చువారిలో పెక్కండ్రు 2003 లో ఇరాకుపై అమెరికా చేసిన దాడినాడు మౌనవ్రతులు. బాధితుని పేరు విన్న తరువాత, బాధించినవాడు ఏ కూటమివాడని విచారించి, ఆ పిదప దుఃఖించుట మన విద్యావంతులకు పరిపాటి యైనది.

దుఃఖమును తీర్చు పని యెట్టిదో ఆ ఖండమే చూపినది. 1950 మే 9 న ఫ్రెంచి మంత్రి షూమాను, మూడు మాఱులు పోరాడిన జర్మనీతో బొగ్గును, ఉక్కును ఉమ్మడిగ నడుపుదమని ప్రతిపాదించెను. 1951 లో ఆఱు రాజ్యములు దానిపై సంతకము చేసినవి. 1970 డిసెంబరు 7 న జర్మను ప్రధాని విల్లీ బ్రాంటు వార్సాలో యూదవీరుల స్మారకము ముందు మోకరిల్లెను. హిట్లరు నెదిరించి దేశాంతరము పోయినవాడు తన జాతి పాపమునకు తాను తల వంచెను. ఈ రెండును తన పక్షపు తప్పును ముందుగ తూచినవారి పనులు.

కావున మా విన్నపము స్పష్టము. ఈ చరిత్రను బోధించు ఉపాధ్యాయుడు బెర్లిను గోడ చెప్పిన దినముననే పారిసు నదిని చెప్పవలెను. మక్రోనిసోసు చెప్పినపుడే మిలాడా హొరాకొవాను చెప్పవలెను. పత్రికాసంపాదకుడు ఒక కూటమి దురాగతమును అచ్చొత్తి రెండవదానిని బుట్టలో వేయరాదు. రచయిత తనకు ప్రియమైన పక్షము చేసిన హత్యలనుండియే తన వ్యాసమును ప్రారంభింపవలెను. పరపక్షపు హత్యలను వ్రాయుటకు ధైర్య మక్కఱలేదు. సభలో ఒక దేశపు శోకమును గూర్చి తీర్మానము పెట్టువారిని, దాని జంటను గూర్చి మీరేమందురని శ్రోతలు లేచి యడుగవలెను. ఇట్లు అడుగుట నేర్చిన దినమున మన వేదికలపై రెండవ రాయి నెత్తుటకు ఎవనికిని చేయి రాదు. చదువరులారా, ఆ ప్రశ్నను రాబోవు సభలోనే అడుగుడు.